విశాఖ ఉక్కపోతలో గ్రాఫిక్స్ కార్డుకి పీటీఎం7950 షీటు: ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు

హనీవెల్ పీటీఎం7950 మంచి సరుకు. గ్రాఫిక్స్ కార్డు చిప్‌కీ, దాని మీద కూర్చుని వేడిని లాగే హీట్‌సింక్‌కీ మధ్య పేస్టుకి బదులు వేసే పల్చటి షీటు ఇది. ఒకసారి సరిగ్గా వేస్తే ఏళ్ల తరబడి కార్డు మళ్లీ విప్పే పని ఉండదు. అయితే మే నెలలో కార్డు వేడి 80 డిగ్రీలు దాటిందని భయపడి ఆన్‌లైన్‌లో వెంటనే ఆర్డరు పెట్టేయకండి. ఈ షీటు ఒక్క జబ్బుకే మందు. ఆ జబ్బు మీ కార్డుకి ఉందో లేదో విప్పకుండానే తేల్చుకోవచ్చు.

ముందు గది సంగతి చూడాలి. కార్డు తన వేడిని గది గాలిలోకే వదులుతుంది. గాలి పది డిగ్రీలు వేడెక్కితే, ఫ్యాను వేగం, లోడు మారకపోతే కార్డు కూడా దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. 24 డిగ్రీల ఏసీ గదిలో 70 చూపించే కార్డు, ఏసీ లేని మర్రిపాలెం డాబా గదిలో మిట్టమధ్యాహ్నం 34 ఉంటే 80 చూపిస్తుంది. దానికి ఏ జబ్బూ లేదు. యూట్యూబ్ రివ్యూల్లో కనిపించే 62, 65 అంకెలు చల్లని దేశాల గదుల్లో తీసినవి. వాటితో మన అంకెలు పోల్చుకుంటే దిగులు తప్ప ఏమీ మిగలదు. క్యాబినెట్ ముందు, గాలి లోపలికి వెళ్లేచోట ఒక చిన్న థర్మామీటర్ పెట్టి, కార్డు వేడిలోంచి ఆ అంకె తీసేయండి. మిగిలేది కార్డు అసలు పనితనం. దాన్ని కాగితం మీద రాసి పెట్టుకుంటే జనవరిలోనైనా జూన్‌లోనైనా పోల్చుకోవచ్చు.

హద్దులు కూడా తెలిసి ఉండాలి. ఎన్విడియా 30 సిరీస్ కార్డుల్లో చాలావాటికి కంపెనీ చెప్పే గరిష్ఠ వేడి 93 డిగ్రీలు, 4070, 4090 లాంటివాటికి 90. అక్కడిదాకా పోకముందే, సాధారణంగా 83 దగ్గర, కార్డు తనంతట తానే వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. నిజానికి అంతకుముందు నుంచే వేడెక్కేకొద్దీ 15 మెగాహెర్ట్జ్ చొప్పున మెట్లు దిగుతూ ఉంటుంది. ఏఎమ్‌డీ కార్డుల్లో జంక్షన్ (చిప్‌లో అన్నిటికంటే ఎక్కువ కాలే చోటు) వేడికి హద్దు 110. 3080, 3090ల్లో ఉండే జీడీడీఆర్6ఎక్స్ మెమరీ కూడా 110 దగ్గర నెమ్మదిస్తుంది. 34 డిగ్రీల గదిలో కోర్, అంటే అసలు చిప్, 80, 82 అంటే ఇబ్బందిలేదు. మెమరీ మాత్రం రోజూ గంటల తరబడి 100 పైన నిలబడుతుంటే వదిలెయ్యకూడదు.

ఇక పరీక్ష. కార్డు వేడి చూపించే జీపీయూ-జెడ్ గానీ హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో గానీ వేసుకోండి, రెండూ ఉచితమే. మీరు మామూలుగా ఆడే బరువైన గేమ్‌నే ఇరవై నిమిషాలు నడపండి. హీట్‌సింక్ నిలకడగా వేడెక్కడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది కాబట్టి అయిదు నిమిషాల అంకె నమ్మకూడదు. కార్డుని పరీక్షించే ఫర్‌మార్క్ ప్రోగ్రాం అవసరం లేదు, ఏ గేమూ పెట్టనంత బరువు అది పెడుతుంది. ఇరవై నిమిషాలు గడిచాక రెండు అంకెలు చూడండి: జీపీయూ టెంపరేచర్, హాట్‌స్పాట్. మొదటిది చిప్ మామూలు వేడి, రెండోది చిప్‌లో అన్నిటికంటే ఎక్కువగా కాలుతున్న చోటు వేడి. ఎన్విడియా కార్డుల్లో వీటి మధ్య 10 నుంచి 15 డిగ్రీల తేడా ఉంటే బాగున్నట్టే. అది 25 దాటితే చిప్ మీద పేస్టు కొన్నిచోట్ల తప్పుకుందని, లేదా హీట్‌సింక్ ఒక మూల సరిగా ఆనడం లేదని అర్థం. షీటు కావలసింది ఇలాంటి కార్డుకి. కోర్ 84, హాట్‌స్పాట్ 96 ఉంటే మాత్రం పేస్టు బాగానే ఉంది, గాలి అందడం లేదు. అలాంటి కార్డుకి షీటు వేస్తే డబ్బు దండగ. ఏఎమ్‌డీలో ఈ తేడా మామూలుగానే కొంచెం ఎక్కువ ఉంటుంది. ఎన్విడియా 50 సిరీస్‌లో హాట్‌స్పాట్ అంకె బయటికి కనపడకుండా తీసేశారు. ఆ కార్డులవాళ్లు కొన్న రోజునే గదికీ కార్డుకీ ఉన్న తేడా రాసిపెట్టుకుని, అది ఎంత పెరిగిందో చూసుకోవాలి.

పేస్టు ఎందుకు తప్పుకుంటుంది? చిప్ వేడెక్కినప్పుడు సన్నగా వంగుతుంది, చల్లారినప్పుడు తిరిగి సర్దుకుంటుంది. గేమ్ పెట్టిన ప్రతిసారీ ఇదే తంతు. మధ్యలో ఉన్న మెత్తటి పేస్టు ఈ ఒత్తిడికి నడిమి నుంచి అంచులకి జరిగిపోతుంది. దీన్నే పంప్ అవుట్ అంటారు. పేస్టు ఎంత పల్చగా ఉంటే అంత త్వరగా జరుగుతుంది. విప్పి చూస్తే చిప్ నడుమ దాదాపు ఖాళీగా, అంచుల చుట్టూ గట్టుగా పేరుకుని కనిపిస్తుంది. ప్రాసెసర్ మీద లోహపు మూత ఉంటుంది కనుక ఈ బాధ తక్కువ. గ్రాఫిక్స్ చిప్‌కి మూత ఉండదు, హీట్‌సింక్ నేరుగా దాని మీదే కూర్చుంటుంది. పీటీఎం7950 దాదాపు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి చిప్ గీతల్లోకి, హీట్‌సింక్ సందుల్లోకి సర్దుకుంటుంది. చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది. మెత్తబడినా పేస్టులా జారేంత పలచన కాదు కాబట్టి అంచులకి పారిపోదు.

ఇక్కడే డబ్బా మీద అంకెల మోసంలో పడతారు. పీటీఎం7950 ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కి 8.5 వాట్లు. 12.5 అని రాసిన పేస్టులు కూడా ఉన్నాయి. మరి 12.5 మెరుగు కదా అనిపిస్తుంది. వేడికి అడ్డుపడేది వాహకత ఒక్కటే కాదు, పొర మందం కూడా. ఉదాహరణకి 12.5 పేస్టు 50 మైక్రాన్ల మందంలో మిగిలి, 8.5 షీటు నొక్కుకుని 25 మైక్రాన్లకి దిగితే షీటే తక్కువ అడ్డుపడుతుంది. ఆ లెక్కలోనే ఇంకో నిజం కూడా ఉంది. 3060 చిప్ విస్తీర్ణం 276 చదరపు మిల్లీమీటర్లు. దాని మీద 130 వాట్లు పడుతున్నాయనుకుంటే ఈ రెంటి మధ్య తేడా సుమారు అర డిగ్రీ. అంటే కొత్తగా, సరిగ్గా వేసిన మంచి పేస్టు కంటే షీటు వేసినందుకు ఏదో అద్భుతం జరగదు. అసలు తేడా ఏడాది తర్వాత తెలుస్తుంది. పేస్టు వేసిన కార్డు హాట్‌స్పాట్ మెల్లగా ఎక్కుతూ పోతుంది, షీటు వేసింది అక్కడే నిలబడుతుంది. ఆర్క్టిక్ ఎంఎక్స్-6 లాంటి చిక్కటి పేస్టు ఈ రెంటికీ మధ్యస్థంగా సరిపోతుంది. చేతిలో అదే ఉంటే వాడేయండి, తప్పులేదు. లిక్విడ్ మెటల్ మాత్రం వద్దు. అది కరెంటు పారించే ద్రవం, ఒక బొట్టు పక్కకి జారితే కార్డు పోతుంది.

షీటు కొనకముందు చూడాల్సింది దుమ్ము. విశాఖ దుమ్ము వేరే రకం. సముద్రం మీంచి వచ్చే గాలిలో ఉప్పు ఉంటుంది. తేమ 75 శాతం దాటితే ఉప్పు గాలిలోంచి నీటిని లాక్కుని కరుగుతుంది. మన ఊళ్లో చాలా రాత్రులు 75 దాటుతుంది. అందుకే లాసన్స్ బే, పెదవాల్తేరు, రుషికొండ వైపు ఇళ్లలో హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము పొడిగా ఉండదు, జిగట ముద్దలా అంటుకుంటుంది. పోర్టు దగ్గర వన్‌టౌన్ వైపైతే నల్లటి బొగ్గు ధూళి దీనికి తోడు. హైదరాబాదులో బ్లోయరు ఊదితే లేచిపోయే దుమ్ము ఇక్కడ లేవదు. ఫ్యాన్ల కవరు విప్పి, మెత్తటి వెడల్పాటి పెయింటు బ్రష్షుతో రేకులు పొడుగునా దువ్వి, ఆ తర్వాత ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కల్ని వేలితో పట్టుకోండి. గాలికి అది అదుపు తప్పి తిరిగితే బేరింగు పాడవుతుంది. వాక్యూమ్ క్లీనరు గొట్టం కార్డు దగ్గరికి తేవొద్దు, స్టాటిక్ కరెంటు పుడుతుంది. క్యాబినెట్ ముందున్న నైలాన్ జల్లెడని నెలకోసారి కుళాయి కింద కడిగి, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. బ్రాకెట్టు మీదా స్క్రూల తలల మీదా తెల్లటి పొడి, తుప్పు మరకలు కనిపిస్తే బీచ్ వైపు కిటికీ పక్కనుంచి క్యాబినెట్‌ని ముందు జరపండి.

తర్వాత గాలి. క్యాబినెట్ పక్కనున్న గాజు పలక తీసేసి అదే గేమ్ మళ్లీ ఇరవై నిమిషాలు నడపండి. వేడి అయిదు డిగ్రీలకి మించి తగ్గితే తప్పు కార్డుది కాదు, క్యాబినెట్‌ది. ముందు భాగం మొత్తం గాజుతో మూసేసి, సందుల్లోంచి గాలి పీల్చే క్యాబినెట్లు చూడ్డానికి బాగుంటాయిగానీ మన ఎండకి పనికిరావు. ముందు జాలీ ఉన్నది కొని, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి పెడితే మధ్యరకం కార్డుకి చాలు. లోపలికొచ్చే గాలి బయటికి పోయేదానికంటే కాస్త ఎక్కువుండేలా చూస్తే జల్లెడ లేని సందుల్లోంచి ఉప్పు దుమ్ము దూరదు. కంప్యూటర్ టేబుల్ కింద తలుపున్న అరలో సీపీయూ పెట్టే అలవాటు మానుకోవాలి. వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది.

నీళ్ల కూలరు గదిలో పెట్టి కార్డు చల్లబరచాలనుకుంటే మన ఊళ్లో కుదరదు. ఇప్పటికే తేమతో నిండిన గాలిలో నీరు ఆవిరవ్వదు, చల్లదనం రాదు, పైగా చెమ్మ పెరుగుతుంది. ఏసీ ఉంటే మంచిదే, కానీ కార్డు దానికి భారమేనని గుర్తుంచుకోండి. ఒక టన్ను ఏసీ లాగేసే వేడి సుమారు 3,500 వాట్లు. 320 వాట్ల 3080 ఒక్కటే అందులో పదకొండో వంతు తినేస్తుంది.

రూపాయి ఖర్చు లేకుండా అన్నిటికంటే ఎక్కువ చల్లబరిచేది అండర్‌వోల్ట్, అంటే చిప్‌కి అందే వోల్టేజీ తగ్గించడం. చిప్ తాగే కరెంటు వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. అదే వేగంలో 1.05 వోల్టుల నుంచి 0.90కి దింపితే చిప్ వాడకం దాదాపు 27 శాతం తగ్గుతుంది. ఏ షీటూ, ఏ పేస్టూ ఇంత చెయ్యలేవు. ఎన్విడియా కార్డుకి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ తెరిచి, కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజీ గ్రాఫు వస్తుంది. ముందు గేమ్‌లో కార్డు మామూలుగా ఎంత వేగంలో నడుస్తోందో చూసుకోండి, 1,860 మెగాహెర్ట్జ్ అనుకుందాం. గ్రాఫు మొత్తాన్ని బాగా కిందికి దించండి. తర్వాత 900 మిల్లీవోల్టుల దగ్గరున్న చుక్కని మాత్రం 1,860కి ఎత్తి, అప్లై నొక్కండి. దాని కుడివైపు గీత అడ్డంగా సాపైపోతే సరిగ్గా చేసినట్టు. గేమ్ ఆగిపోయినా, తెర నల్లబడినా, డ్రైవర్ తిరిగి మొదలైనా 25 మిల్లీవోల్టులు పెంచి మళ్లీ ప్రయత్నించండి. ఒక గేమ్‌లో నిలబడింది మరో దానిలో పడిపోవచ్చు, ముఖ్యంగా రే ట్రేసింగ్ (వెలుగు దారుల్ని లెక్కగట్టి చూపించడం) ఉన్న గేముల్లో. అందుకే కనీసం వారం రోజులు మూడు నాలుగు గేములు ఆడాకే, విండోస్‌తో పాటు ఆ సెట్టింగు మొదలయ్యేలా పెట్టుకోండి. తొందరపడి ముందే పెడితే కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ అదే తప్పు సెట్టింగు ఎక్కుతుంది. ఏఎమ్‌డీ వాళ్లకి అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లోని ట్యూనింగ్ పేజీలోనే ఇది ఉంటుంది. ఇదంతా తలనొప్పి అనుకుంటే పవర్ లిమిట్ 80 శాతానికి దించి ఊరుకున్నా సగం ఫలితం దక్కుతుంది.

ఫ్యాను విషయంలో మన ఊరికి ప్రత్యేకంగా ఒక చికాకు ఉంది. చాలా కార్డుల్లో 50, 60 డిగ్రీల లోపు ఫ్యాన్లు ఆగిపోతాయి. మన గదిలో కార్డు ఖాళీగా ఉన్నా 50 దగ్గరే ఊగిసలాడుతుంది కనుక ఫ్యాను నిమిషానికోసారి లేచి ఆగుతూ ఉంటుంది. బేరింగు అరిగేది అక్కడే. ఆఫ్టర్‌బర్నర్ ఫ్యాన్ పేజీలో కనీస వేగం 30 శాతానికి పెట్టి, హిస్టరిసిస్, అంటే వేడి ఎంత తగ్గాక ఫ్యాను నెమ్మదించాలో ఆ అంకె, 5 డిగ్రీలు ఇవ్వండి. ఆ చప్పుడు వినపడదు కూడా.

ఇవన్నీ చేశాక కూడా హాట్‌స్పాట్ తేడా 25 మీదే ఉంటే, వారంటీ అయిపోయి ఉంటే, అప్పుడు షీటు తెప్పించండి. వారంటీ ఉన్న కార్డుని విప్పకండి. స్క్రూ మీద స్టిక్కరు చిరిగితే వాదించే అవకాశం పోతుంది.

విప్పే ముందు పది నిమిషాలు గేమ్ నడిపి కార్డుని వెచ్చబెట్టండి, పాత పేస్టు మెత్తబడుతుంది. తర్వాత కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వండి. కార్డు బయటికి తీశాక వెనకవైపు చిన్న స్క్రూలు ముందు, చిప్ చుట్టూ ఉన్న నాలుగు స్ప్రింగు స్క్రూలు చివర్లో, అదీ ఎదురెదురు మూలలుగా విప్పాలి. హీట్‌సింక్ రాకపోతే లాగొద్దు, అటూ ఇటూ మెల్లగా తిప్పండి. విడివడగానే పైకెత్తేయకండి, కింద ఫ్యాను వైర్లుంటాయి. వైరు పట్టుకోకుండా ప్లాస్టిక్ కనెక్టర్‌నే పట్టుకుని తీయాలి. చిప్‌ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పీచు రాలని గుడ్డతో తుడవండి. శానిటైజరు వాడొద్దు, అందులో గ్లిసరిన్ ఉంటుంది.

షీటు వేయడంలో అందరూ చెప్పే చిట్కా పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టమని. ఎందుకంటే వెచ్చగా ఉంటే పైన పల్చటి ప్లాస్టిక్ పొర ఒలిచేటప్పుడు షీటు కూడా దానితో చిరిగి వచ్చేస్తుంది. చిట్కా సరైనదే, కానీ మన ఊళ్లో దాన్ని అలాగే పాటిస్తే దెబ్బతింటారు. 32 డిగ్రీల గదిలో తేమ 75 శాతం ఉంటే, 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా చెమ్మ పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన షీటు మీద క్షణాల్లో నీటి పొర చేరుతుంది, దాన్ని అలాగే చిప్ మీద అంటిస్తే నీరు లోపలే ఉండిపోతుంది. గాలి తీసేసిన జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, పని మాత్రం అరగంట ముందే ఏసీ వేసిన గదిలో చెయ్యండి. 24 డిగ్రీలు, 55 శాతం తేమ ఉన్న గదిలో 14 కంటే చల్లగా ఉన్న వస్తువుకే చెమ్మ పడుతుంది. పల్చటి షీటు ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

చిప్ కొలత కంటే ప్రతివైపూ ఒక మిల్లీమీటరు పెద్దగా, పొరలతో సహా కత్తెరతో కత్తిరించండి. ఒకవైపు పొర ఒలిచి చిప్ మీద పరిచి, రెండో పొర పైనుంచి వేలితో నెమ్మదిగా నొక్కండి. మూల నుంచి వెనక్కి, దాదాపు సాపుగా మడుస్తూ రెండో పొర తీసెయ్యండి. ఒక మూల చిరిగితే ఆ ముక్కనే అక్కడ అతికించొచ్చు, కరిగినప్పుడు కలిసిపోతుంది. కానీ ఒకదాని మీద ఒకటి రెండు షీట్లు వేయకండి. స్క్రూలు ఎదురెదురు మూలలుగా, సగం సగం తిప్పుతూ బిగించాలి. ఒకటి పూర్తిగా బిగించాక రెండోదానికి వెళితే చిప్ మూల పగిలే ప్రమాదం ఉంది.

మొదటి రోజు అంకె చూసి నిరుత్సాహపడొద్దు. షీటు పల్చబడి సర్దుకోవడానికి వేడెక్కడం, చల్లారడం అయిదారుసార్లైనా జరగాలి. గేమ్ అరగంట, తర్వాత పూర్తిగా ఆపి అరగంట, ఇలా రెండు మూడు రోజులు నడిపాక కొలవండి.

ఈ షీటుతో చేసే పెద్ద తప్పు దాన్ని మెమరీ చిప్‌ల మీద కూడా వేయడం. అక్కడ సందు అర మిల్లీమీటరు నుంచి మూడు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. పావు మిల్లీమీటరు షీటు అంత దూరం అందదు. అక్కడ మెత్తటి థర్మల్ ప్యాడ్లే వేయాలి, అదీ ఆ మోడల్‌కి తగిన మందంలో. మందం ఎక్కువైతే ప్యాడ్లే హీట్‌సింక్‌ని ఎత్తిపట్టేస్తాయి, కోర్ మీద ఆనదు. కొత్త ప్యాడ్లు వేశాక హాట్‌స్పాట్ ఒక్కసారిగా ఎగబాకితే కారణం ఇదే. పాత ప్యాడ్‌ని నొక్కుకుపోయిన నడిమి భాగంలో కాకుండా, నొక్కుకోని అంచు దగ్గర వెర్నియర్‌తో కొలవండి. మందం తేలకపోతే థర్మల్ పుట్టీ మేలు, సందు ఎంతుంటే అంతకి సర్దుకుంటుంది. పాత ప్యాడ్లు చిరగకుండా వచ్చి, మెమరీ వేడి బాగానే ఉంటే వాటిని కదపనే వద్దు. 3090 ఉన్నవాళ్లు కార్డు వెనకవైపు కూడా చూసుకోవాలి, సగం మెమరీ చిప్‌లు అక్కడే ఉంటాయి.

షీటు చెయ్యలేని పనీ ఉంది. 2022 చివర్లో వచ్చిన 7900 ఎక్స్‌టీఎక్స్ కార్డుల్లో ఏఎమ్‌డీ తానే డిజైన్ చేసినవి కొన్ని 110కి చేరి నెమ్మదించాయి. కారణం పేస్టు కాదు, వేపర్ ఛాంబర్‌లో (కూలర్‌లో నీటి ఆవిరితో వేడిని పంచే మూసిన పలక) తగినంత నీరు లేకపోవడం. 2023 జనవరిలో కంపెనీ ఆ సంగతి ఒప్పుకుంది. కార్డుని నిలబెట్టి, పడుకోబెట్టి చూసినప్పుడు వేడి బాగా మారిపోతుంటే లోపం కూలర్‌లోనే ఉంది. దానికి ఏ షీటూ పనిచెయ్యదు.

మామూలు పేస్టు, ఫ్యాన్లు ద్వారకానగర్ కంప్యూటర్ షాపుల్లో దొరుకుతాయి. ఈ షీటు కోసం వెళ్లేముందు ఫోన్ చేసి అడగండి. పని కూడా షాపువాళ్లకే అప్పగిస్తే మూడు సంగతులు ముందే మాట్లాడుకోండి: విప్పకముందు, వేశాక హాట్‌స్పాట్ అంకె మీ ఎదుటే చూపించాలి, ప్యాడ్ల మందం చెప్పాలి, పాత ప్యాడ్లు మీకు తిరిగి ఇవ్వాలి. నకిలీ షీట్ల బెడదా ఉంది. ఒక మిల్లీమీటరు మందం అని అమ్మేది, 8.5 కాకుండా ఏదో పెద్ద వాహకత అంకె రాసింది, నొక్కితే రబ్బరులా పైకి లేచేది వదిలెయ్యండి. చిన్న ముక్క కత్తిరించి వేడినీళ్ల గ్లాసు గోడకి అంటిస్తే అసలుది మెత్తబడి అద్దుకుంటుంది, సిలికాన్ ప్యాడ్ అలాగే ఉంటుంది.

40కి 80 మిల్లీమీటర్ల షీటుతో 3080 అంత పెద్ద, 628 చదరపు మిల్లీమీటర్ల చిప్‌కైనా రెండుసార్లు హాయిగా వస్తుంది. మిగిలింది మడవకుండా, రెండు అట్టముక్కల మధ్య పెట్టి జిప్ కవర్లో ఫ్రిజ్ తలుపు అరలో ఉంచండి. ఎండాకాలంలో తెప్పిస్తే డెలివరీ బండిలోనే 45 దాటి పొరకి అంటుకుపోయి రావొచ్చు. అందగానే ఒలిచి చూడకుండా, ముందు ఒక గంట ఫ్రిజ్‌లో పెట్టండి.